ఏసీ మారుస్తున్నారా? డబ్బు యూనిట్‌కా, డక్టులకా?

డల్లాస్ వైపు ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లలో ఉంటున్న మనవాళ్లు ఈ ఎండాకాలం నన్ను పదేపదే అడిగిన ప్రశ్న ఇది. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఖరీదైన వేరియబుల్ స్పీడ్ యూనిట్ పెట్టించి, చల్లగాలిని గదులకు మోసే గొట్టాలు, అంటే డక్టులు, పాతవే ఉంచుకోవాలా? లేక మామూలు యూనిట్‌తో సరిపెట్టుకుని డక్టులు కూడా మార్పించాలా? మాకైతే రెండు కొటేషన్లూ దాదాపు ఒకే మొత్తానికి వచ్చాయి.

వేరియబుల్ స్పీడ్ మంచిదే. కంప్రెసర్ నెమ్మదిగా ఎక్కువసేపు తిరుగుతుంది, ఉక్కపోత తగ్గుతుంది, చప్పుడు తక్కువ. డక్టులు బాగున్న ఇల్లయితే నేనూ అదే తీసుకునేవాణ్ణి.

కానీ ఇక్కడ డక్టులు ఉండేది యాటిక్‌లో, అంటే ఇంటి కప్పు కింది అటకలో. జూలై మధ్యాహ్నం అక్కడ వేడి 120 ఫారెన్‌హీట్ దాటిపోతుంది. అమెరికా ప్రభుత్వ విద్యుత్ పొదుపు కార్యక్రమం ఎనర్జీ స్టార్ లెక్కలో మామూలు ఇంటి డక్టుల్లో తిరిగే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుంది. ఎంత గొప్ప యూనిట్ పెట్టినా ఆ చల్లగాలి యాటిక్ పాలే. గదుల్లోని గాలిని తిరిగి యూనిట్‌కు లాగే రిటర్న్ డక్టు వైపు లీకుంటే మరీ ఘోరం, యాటిక్‌లోని వేడినీ దుమ్మునూ ఇంట్లోకి లాగుతుంది.

ఇంకోటి సైజు. టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి ఆడాలి. మా పాత 4 టన్నుల యూనిట్‌కు 1,600 కావాలి, ఉన్నదేమో ఒక్క ఇరుకు రిటర్న్. పైన పిల్లల గది సాయంత్రానికి 82 డిగ్రీలు ఉండేది. మొదట వచ్చిన కాంట్రాక్టర్ ఏమీ కొలవకుండానే 5 టన్నులు వేయించుకోమన్నాడు. రెండో ఆయన స్టాటిక్ ప్రెజర్, అంటే డక్టుల్లో గాలికి ఎంత అడ్డు పడుతోందో చెప్పే ఒత్తిడి, కొలిచాడు. 0.5 (నీటి అంగుళాల్లో) దగ్గర ఉండాల్సింది 0.9 చూపించింది. ఆ డక్టులకు 5 టన్నులు తగిలిస్తే గాలి ఇంకా బిగుసుకుపోయేది.

అందుకే 14.3 సీర్2 (కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే రేటింగ్) ఉన్న మామూలు యూనిట్ తీసుకున్నాం. మా టెక్సాస్‌లో 4 టన్నులకు లోపు యూనిట్లకు 2023 నుంచి కనీస ప్రమాణం అదే, మాకు 3.5 టన్నులు చాలని, ఇంటికి ఎంత చల్లదనం కావాలో చూసే లోడ్ లెక్క తేల్చింది. మిగిలిన డబ్బుతో ఆర్-8 (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) ఇన్సులేషన్ ఉన్న కొత్త డక్టులు, ఇంకో రిటర్న్ వేయించి, జాయింట్లన్నీ మాస్టిక్ అనే పేస్టుతో మూయించాం. ఇప్పుడు పిల్లల గది 76 దాటడం లేదు.

డక్టుల సైజు సరిపోయి లీకులే సమస్యయితే సీలింగ్ చేయిస్తే చాలు. డక్టులు అక్కర్లేని మినీ స్ప్లిట్ ఏసీ గరాజ్ మీది గదికి బాగుంటుంది, ఇల్లంతటికీ నేను చెప్పను. చలికాలంలో వేడినీ ఇచ్చే హీట్ పంప్ పెట్టినా డక్టుల సంగతి ఇంతే.

సంతకం పెట్టేముందు స్టాటిక్ ప్రెజర్ ఎంతుందో కొలిచి చూపించమనండి. కొలవనంటే ఇంకొకరిని పిలవండి.