ఇంట్లో విమానం నడపడానికి ఫ్లైట్‌గేర్: ఏడాది వాడిన తరువాత

మా ఇల్లు విశాఖపట్నంలోని కంచరపాలెంలో ఉంది. సముద్రం వైపు నుంచి దిగడానికి వచ్చే విమానాలు, మా డాబా మీద నిలబడి చూస్తే, దక్షిణ దిక్కున చక్రాలు దించుకుని మెల్లగా కిందికి జారుతూ కనిపిస్తాయి. ఆ దారిలో ఒక్కసారైనా నా చేతులతో విమానం దించాలన్న కోరికను ఏడాదిగా, కంప్యూటర్‌లోనే విమానం నడిపిన అనుభవాన్నిచ్చే సిమ్యులేటర్ అయిన ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తీర్చుకుంటున్నాను. నా దృష్టిలో సిమ్యులేటర్‌కు అసలు పరీక్ష చేతిలో విమానం ప్రవర్తించే తీరు. ఈ సమీక్షను ఆ లెక్కనే రాస్తున్నాను.

1996లో ఒక ప్రతిపాదనగా మొదలై 1997లో తొలిసారి విడుదలైన ఈ సాఫ్ట్‌వేర్‌ను వివిధ దేశాల ప్రోగ్రామర్లు, విమానాభిమానులు స్వచ్ఛందంగా నిర్వహిస్తున్నారు. ఇది విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. దీన్నే వేరే పేరు పెట్టి డబ్బుకు అమ్మినవారు గతంలో ఉన్నారు కాబట్టి అధికారిక వెబ్‌సైటు నుంచే దించుకోవాలి. అక్కడ రూపాయి కట్టవలసిన పని లేదు.

దృశ్యాల విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోకూడదు. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ బింగ్ పటాల చిత్రాలను నేల మీద పరుస్తుంది, అందుకు తగ్గట్టే 150 జీబీ స్థలాన్నీ శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డునూ కోరుతుంది. ఫ్లైట్‌గేర్ మామూలుగా నేల స్వభావాన్ని బట్టి అడవి, పొలం, ఊరు అంటూ సాధారణమైన నమూనా చిత్రాలను అతికిస్తుంది. ఎత్తుపల్లాలు మాత్రం నిజమైన కొలతలవి, అందుకే సింహాచలం కొండలు ఉండవలసిన చోటే లేస్తాయి. ఎనిమిది జీబీల మెమరీ (ర్యామ్) ఉన్న నా పాత కంప్యూటర్‌కు ఇది సరిపోయింది.

ఇక అసలు విషయం. ఇందులో మొదట లభించే విమానం 160 అశ్వశక్తి ఇంజిన్ గల సెస్నా 172పి. దాని కదలికలను లెక్కగట్టే జేఎస్‌బీసిమ్, నాసా ఇంజినీర్లు 2015 నివేదికలో ఒకదానితో ఒకటి పోల్చి చూసిన సాఫ్ట్‌వేర్లలో ఒకటి. ఆ లెక్కల పట్టు మొదటి టేకాఫ్‌లోనే తెలిసింది. ఇంజిన్ శక్తిని పెంచే మీట అయిన థ్రాటిల్‌ను పూర్తిగా ముందుకు తోయగానే ముక్కు ఎడమకు లాగుతుంది. ప్రొపెల్లర్ నుంచి సుడి తిరుగుతూ వచ్చే గాలి తోకను ఒక పక్కకు నెట్టడం, దానికి ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) తోడవడం ఇందుకు కారణం. తోక మీద నిలువుగా ఉండి ముక్కును పక్కలకు తిప్పే పలక అయిన రడ్డర్‌ను కుడికి పట్టి, వేగంతో పాటు సరిదిద్దుకుంటూ ఉండాలి. మొదటి వారమంతా నేను రన్‌వే పక్క గడ్డిలోకే వెళ్లాను. రడ్డర్‌ను తానే కదిపే ఆటో కోఆర్డినేషన్ సౌకర్యం ఉంది కాని, నిజంగా నేర్చుకోదలచినవారు దాన్ని ఆపివేయడమే మేలు. 55 నాట్ల (గంటకు సుమారు 100 కిలోమీటర్ల) వేగం దగ్గర జాయ్‌స్టిక్‌ను మెల్లగా వెనక్కి తీస్తే విమానం తేలికపడి లేచే ఆ క్షణం ఇప్పటికీ నాకు ఎంతో ఇష్టం.

జాయ్‌స్టిక్ లేకుండా ఈ పని సాగదు. నగరంలోని ఒక దుకాణంలో నేను కొన్న జాయ్‌స్టిక్‌ను మెలితిప్పి వదిలితే మధ్యకు సరిగా వచ్చేది కాదు, విమానం ఎప్పుడూ కాస్త పక్కకు జారుతూనే ఉండేది. దుకాణదారు మార్చి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. చివరకు జాయ్‌స్టిక్ సెట్టింగుల ఫైలులో డెడ్‌బ్యాండ్ (మధ్య దగ్గరి చిన్న కదలికలను లెక్కచేయని మేర) విలువ పెంచితే నయమైంది. కొనేముందు దుకాణంలోనే కంప్యూటర్‌కు తగిలించి చూడమని కోరండి.

దిగడం దగ్గర ట్రిమ్ విలువ తెలుస్తుంది, అంటే స్టిక్‌ను పట్టుకుని ఉండకుండానే ముక్కును ఒకే స్థితిలో నిలిపే సర్దుబాటు విలువ. పవర్ తగ్గించగానే ముక్కు వాలుతుంది. స్టిక్ పట్టుకుని దాన్ని నిలబెట్టి, ట్రిమ్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ చేతి బిగువును సడలిస్తే, చివరకు వేలు తీసినా విమానం 65 నాట్ల దగ్గర నిలుస్తుంది. ఇది కుదరకపోతే తక్కిన ఏదీ కుదరదు.

విశాఖ ప్రధాన రన్‌వే సుమారు 3,050 మీటర్ల పొడవున పడమర వైపు సాగుతుంది. ఇది నౌకాదళపు ఐఎన్‌ఎస్ డేగా స్థావరంలోనిది కాబట్టి చిన్న విమానంలో ఇక్కడ పదేపదే దిగి లేవడం మనబోటివారికి ఇంట్లోనే సాధ్యం. నాలుగు నాటికల్ మైళ్ల దూరంలో 1,200 అడుగుల ఎత్తున ఉండి, ఎడమ చేతి వైపు డాల్ఫిన్స్ నోస్ కొండను చూసుకుంటూ, నిమిషానికి దాదాపు 340 అడుగుల చొప్పున దిగాలి. వాతావరణ నివేదికల నుంచి గాలి వివరాలను ఫ్లైట్‌గేర్ అప్పటికప్పుడు తీసుకోగలదు. గత వర్షాకాలంలో ఒక సాయంత్రం మా పెరటి కొబ్బరాకులను ఊపుతున్న నైరుతి గాలే తెర మీద విమానాన్ని కుడికి నెట్టింది. ముక్కును ఎడమకు తిప్పి ఉంచి నగరం మీదుగా వచ్చి, నేలకు కాస్త ముందు రడ్డర్‌తో సరిచేసి, ఎడమ రెక్కను కొద్దిగా వాల్చాను. ముందు ఎడమ చక్రం ఆనింది, తరువాత కుడిది, చివరకు ముక్కు చక్రం. అప్పుడే మా ఇంటికి దక్షిణాన నిజమైన విమానం ఒకటి దిగుతున్న శబ్దం వినిపించింది.