పోత ఇనుప చిత్రిక మిషన్: పన్నెండేళ్లు వాడాక

పైన చిత్రిక, కింద మందం కట్టడం (పలకంతా ఒకే మందానికి తేవడం), పక్కన రంపం, షాఫ్టు చివర బెజ్జాలు వేసే డ్రిల్లు. ఒక్క షాఫ్టు, ఒక్క మోటారు, నాలుగు పనులు. మన జిల్లాల్లో గుమ్మాలూ కిటికీలూ చేసే షెడ్లలో ఎక్కువగా కనిపించేది పన్నెండు అంగుళాల వెడల్పున్న ఈ మిషనే. పంజాబులో బటాలా, లూధియానా వైపు పోత పోసినవి చాలా ఉన్నాయి. విజయనగరం, బొబ్బిలి, పలాసల్లో పాత షెడ్డు మూసేస్తే ఇవి తుక్కు తూకం లెక్కన అమ్మకానికొస్తాయి. అలా కొని బాగుచేసి వాడిన మిషన్ గురించే ఈ సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తాను. చిత్రిక పనికి దీన్ని మించింది ఈ ధరలో దొరకదు. మందం కట్టడం ఫరవాలేదు, కాస్త ఓపిక కావాలి. డ్రిల్లు బాగుంటుంది. రంపం మాత్రం ఉన్నది ఉన్నట్టుగా వాడకూడదు, ఎందుకో కింద చెబుతాను. కొనేటప్పుడు చూడాల్సినవి మూడే: పోత బాడీ, రెండు టేబుళ్లు, బ్లేడ్లు బిగించి తిరిగే కటర్ బ్లాకు. మిగతావన్నీ మార్చుకోవచ్చు. ఈ మూడింట్లో ఏది పోయినా బాగుచేయించడం దండగ.

ముందు వయసు సంగతి. అమెరికాలో హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1947లో తెచ్చిన షాప్‌స్మిత్ (ఒకే మోటారుతో చాలా పనులు చేసే చెక్కపని మిషన్) లాంటివాటికి సీరియల్ నంబరు చూసి ఏడాది చెప్పే పట్టికలున్నాయి. మన మిషన్లకు ఆ సౌకర్యం లేదు, నాలుగైదు ఆనవాళ్లు కలిపి చూడాలి. మొదటిది పేరు పలక. అడ్రసులో పిన్‌కోడ్ ఉంటే ఆ పలక 1972 ఆగస్టు 15 తర్వాతదే, పిన్‌కోడ్ మొదలైంది ఆ రోజునే. అమ్మిన షాపు బిళ్ల కూడా ఉంటే ఇంకా మంచిది. ‘బొబ్బిలి, శ్రీకాకుళం జిల్లా’ అని ఉందంటే అది 1979 జూన్ 1కి ముందు కొట్టిన బిళ్ల. విజయనగరం జిల్లా ఏర్పడింది ఆ రోజున. ‘మద్రాసు’ అని ఉంటే చాలావరకు 1996కి ముందుది. పలక రివెట్లు కూడా గమనించండి. రివెట్ల స్థానంలో స్క్రూలుంటే ఆ పలక వేరే మిషన్‌ది కావచ్చు.

మోటారు పలక మీద ‘ఐఎస్ 325’ (మోటార్లకు భారతీయ ప్రమాణం) అనీ పక్కనే ఒక ఏడాదీ ఉంటాయి: 1961, 1970, 1978, 1996. అది మోటారు తయారైన ఏడాది కాదు, ఏ ప్రమాణం ప్రకారం చేశారో ఆ ప్రమాణం ఏడాది. ‘325-1970’ అని ఉంటే మోటారు 1970కి ముందుది కాదు అని మాత్రమే అర్థం. ఈ మిషన్లకు మోటార్లు రెండు మూడుసార్లు మారి ఉంటాయి కూడా. మోటారు కూర్చునే పలకకు అవసరానికి మించి బెజ్జాలుంటే ఇప్పుడున్నది మొదటి మోటారు కాదు. బేరింగు మీద ‘పశ్చిమ జర్మనీ’ అని ఉంటే ఆ బేరింగు 1990కి ముందుది, సోవియట్ ముద్ర ఉంటే 1991కి ముందుది. అదీ బేరింగు వయసే, మిషన్ వయసు కాదు.

అన్నిటికన్నా పనికొచ్చే ఆనవాలు మర బోల్టు. పాత వాటికి అంగుళాల కొలతతో చేసే విట్‌వర్త్ మరలుంటాయి: మూడెనిమిదో వంతు బోల్టుకు అంగుళానికి 16 మరలు, అరంగుళం బోల్టుకు 12. మెట్రిక్ చట్టం 1956లోనే వచ్చినా పోత కార్ఖానాలు ఆ తర్వాత చాలా ఏళ్లు విట్‌వర్త్‌నే కొనసాగించాయి. కాబట్టి అంగుళాల మర ఉన్నంత మాత్రాన మిషన్ 1960కి ముందుదని చెప్పలేం. వయసు తెలియడం వల్ల అసలు లాభం వేరే ఉంది. ఏ మర బోల్టు, ఏ కొలత బేరింగు వెతకాలో ముందే తెలుస్తుంది. ఇక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. మూడెనిమిదో వంతు విట్‌వర్త్ బోల్టు లావు 9.5 మి.మీ. పది మి.మీ. మెట్రిక్ నట్టు దాని మీద వదులుగా ఎక్కుతుంది, నాలుగు మరలు తిరిగి పట్టినట్టే అనిపిస్తుంది, కానీ బరువు పడ్డప్పుడు జారిపోతుంది. కటర్ బ్లాకు దగ్గర అలాంటి నట్టుంటే బ్లేడు ఎగిరి మనిషి మీదికొస్తుంది. మిషన్ మీద ప్రతి బోల్టునూ మరల గేజీతో చూడండి, ఒక్కటీ వదలొద్దు.

కొనేముందు చూడాల్సినవి. చిన్న సుత్తితో బాడీని అక్కడక్కడా తట్టండి. బాగున్న పోత గంటలా మోగుతుంది, పగులున్న చోట డొల్ల శబ్దం వస్తుంది. టేబుల్ పైకీ కిందికీ జారే ఏటవాలు గాళ్ల మూలలూ, కాళ్లు బిగించే చోట్లూ ముఖ్యంగా చూడాలి. తర్వాత టేబుల్ మీద పొడవాటి స్టీలు స్కేలు నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి కింద ఫీలర్ గేజి (మందం రాసి ఉన్న సన్నటి రేకు) దూర్చండి. 0.1 మి.మీ. రేకు దూరకపోతే చాలా మంచిది, 0.2 వరకు వాడుకోవచ్చు, 0.4 దూరితే గ్రైండింగ్‌కు పంపాలి. ఆ ఖర్చు కలుపుకొని బేరమాడండి. కటర్ బ్లాకు గుండ్రంగా ఉండాలి. నలుచదరపు బ్లాకున్న చాలా పాత మిషన్ ఎంత చవకగా వచ్చినా వద్దు. చెయ్యి జారితే గుండ్రటి బ్లాకు కూడా గాయం చేస్తుంది, చదరపుది వేలే లోపలికి లాక్కుంటుంది.

విప్పేటప్పుడు ప్రతి భాగం మీదా పంచితో (గుర్తు కొట్టే మొనతో) గుర్తు పెట్టండి, ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. తుప్పు పట్టిన బోల్టుకు డీజిల్ పోసి రాత్రంతా వదిలేస్తే సగం వాటంతటవే వస్తాయి. రానివాటికి చుట్టూ ఉన్న పోతను వేడిచేసి తిప్పాలి. సుత్తితో బాదితే పోత ఇనుము విరుగుతుంది, వంగదు.

చిన్న భాగాల తుప్పుకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీళ్లకు 50 గ్రాములు కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న వైరు బ్రష్‌తో తోమి, వంట సోడా నీళ్లలో కడిగి, ఎండలో ఆరబెట్టి, వెంటనే నూనె రాయాలి. నూనె గంట ఆలస్యమైతే మళ్లీ ఎర్రబడుతుంది. స్ప్రింగులనూ బ్లేడ్లనూ ఇందులో నానబెట్టొద్దు, అవి పెళుసెక్కుతాయి. టేబుళ్లకు వేరే పద్ధతి. డీజిల్ తడిపి గీకుడు బ్లేడుతో తుప్పు తీసి, చదునైన చెక్క దిమ్మకు 120 నంబరు ఎమెరీ, తర్వాత 220 చుట్టి రుద్దాలి. యాంగిల్ గ్రైండరు మాత్రం పెట్టొద్దు. ఐదు నిమిషాల్లో మెరుస్తుంది, నిజమే, కానీ పడ్డ పల్లాలు ఇక పోవు.

షాఫ్టు బేరింగులు చాలా మిషన్లకు 6206 లేదా 6207 ఉంటాయి, అయినా పాతదాని మీది నంబరు చూసే కొనండి. పొట్టు లోపలికి పోకుండా రెండు వైపులా రబ్బరు మూత ఉన్నవే తీసుకోండి. షాఫ్టు మీద కొత్త బేరింగు చేత్తోనే జారిపోతుంటే షాఫ్టు అరిగినట్టు. చాలాచోట్ల మెకానిక్కులు షాఫ్టు మీద పంచితో చుక్కలు కొట్టి బేరింగు బిగిస్తారు. ఆ చుక్కలు నెలల్లోనే అణిగిపోతాయి, ఆపైన బేరింగు షాఫ్టు మీద తిరుగుతూ ఇంకా తినేస్తుంది. మంచి లేత్ షాపులో కొత్త షాఫ్టు తిప్పించడమే మేలు. బేరింగు ఎక్కించేటప్పుడు వేడి ఆయిల్‌లో కాసేపు ఉంచితే దానంతటదే జారుతుంది, కానీ రబ్బరు మూతవాటిని వేడి చేయకుండా పైపు ముక్కతో లోపలి రింగు మీదే తట్టి దింపాలి. బయటి రింగు మీద తడితే గుండ్లు లోపల గంట్లు పెడతాయి, కొత్త బేరింగు మొదటి రోజే మోత మొదలెడుతుంది.

ఇక ఈ మిషన్‌కు ప్రాణం, బ్లేడ్లు కట్టడం. చిత్రిక సరిగ్గా రావడం లేదని వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. ముందు బ్లేడ్లను కంసాలి తక్కెడలో తూచండి, గ్రాముకు మించి తేడా ఉండకూడదు. ఉంటే బరువున్నదాన్ని వీపు వైపు సాన పట్టాలి. పదును కోణం 38 డిగ్రీల దగ్గర పెట్టాలి. అరిగి అరిగి వెడల్పు 20 మి.మీ.కు వచ్చిన బ్లేడును పారేయండి, బ్లాకులో దాన్ని బిగించే పట్టీ పూర్తిగా పట్టుకోలేదు. బ్లాకు పైకి బ్లేడు ఒక మి.మీ. మాత్రమే కనిపించాలి.

ఎత్తు సరిచూడటానికి గేజీ అక్కర్లేదు, తిన్నగా చిత్రిక పట్టిన టేకు పట్టీ చాలు. బెల్టు తీసేయండి. పట్టీని వెనక టేబుల్ మీద, అంటే చెక్క బయటికొచ్చే టేబుల్ మీద ఆనించి, కొస కటర్ మీదుగా ముందుకు వచ్చేలా పెట్టండి. టేబుల్ అంచు దగ్గర పట్టీ మీద పెన్సిల్ గీత గీయండి. బ్లాకును చేత్తో నెమ్మదిగా తిప్పితే బ్లేడు పట్టీని తాకి మన వైపు కాస్త లాగి వదిలేస్తుంది. అక్కడ మళ్లీ గీత గీయండి. రెండు గీతల మధ్య మూడు మి.మీ. ఉండాలి. అదే కొలత బ్లేడు ఎడమ చివర, కుడి చివర, ప్రతి బ్లేడుకూ రావాలి. ఒకచోట ఐదు లాగితే అక్కడ బ్లేడు పైకి ఉంది, అసలు కదలకపోతే కింద ఉంది. బోల్టులను ఒకేసారి బిగించొద్దు. అన్నీ మెల్లగా, తర్వాత మధ్యవి, తర్వాత చివరివి, మళ్లీ అన్నీ. బిగిస్తున్నకొద్దీ బ్లేడు వెంట్రుకవాసి పైకి లేస్తుంది, అందుకే బిగించాక పట్టీతో ఇంకోసారి చూడాలి. స్పానర్‌కు పైపు తొడిగి బిగిస్తే మర తెగుతుంది. మొదట్లో ఈ పనికి గంటన్నర పడుతుంది, అలవాటయ్యాక అరగంట.

ఆ తర్వాత వెనక టేబుల్ ఎత్తు. బ్లేడు అత్యంత పైనున్న చోటికి అది సమంగా ఉండాలి. కిందికుంటే చెక్క చివర రెండు అంగుళాలు లోతుగా తింటుంది. పైకుంటే చెక్క అంచుకు తగిలి ఆగుతుంది, లేదా కోత పోనుపోను పల్చబడి బల్ల మధ్యలో ఉబ్బుగా వస్తుంది. రెండు టేబుళ్లూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఎన్నిసార్లు పట్టినా రెండు పలకల అంచులు అతుక్కోవు. గాళ్ల పట్టీల కింద ఇత్తడి రేకు ముక్కలు పెట్టి సరిచేసుకోవాలి.

మందం కట్టే టేబుల్ కింద ఉండే నున్నటి రోలర్లు టేబుల్ కన్నా 0.1 నుంచి 0.2 మి.మీ. పైకి ఉండాలి. అంతకన్నా పైకుంటే చెక్క రెండు కొసలా గుంట పడుతుంది. పొడవు పలక వేసేటప్పుడు కొస చేత్తో ఎత్తి పట్టుకుంటే ఆ గుంట చాలావరకు తగ్గుతుంది.

మోటారు మూడు హార్స్‌పవర్ ఉంటే పన్నెండు అంగుళాల వెడల్పుకు ఒకటిన్నర మి.మీ. కోత ఇస్తుంది. 1440 తిరుగుళ్ల మోటారుకు ఆరంగుళాల పుల్లీ, షాఫ్టుకు రెండంగుళాలది పెడితే కటర్ నిమిషానికి 4320 సార్లు తిరుగుతుంది, ఇది సరిపోతుంది. పల్లెల్లో సాయంత్రం వోల్టేజి 230 నుంచి 180కి పడిపోతే మోటారు బలం దాదాపు 61 శాతానికి పడుతుంది, వోల్టేజి వర్గం లెక్కన. అప్పుడు అర మి.మీ. కోతే వేయాలి, లేకపోతే వైండింగు కాలుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటది తిరగని స్టార్టర్ తప్పనిసరిగా పెట్టించండి. మూడు ఫేజుల మోటారయితే బెల్టు ఎక్కించకముందే తిరిగే దిక్కు చూడండి.

రంపం సంగతి. ఇది కటర్ షాఫ్టు మీదే ఉంటుంది, కాబట్టి చిత్రిక పడుతున్నా పక్కన రంపం తిరుగుతూనే ఉంటుంది. చిత్రిక రోజుల్లో రంపం విప్పేయడమే సరైన పద్ధతి, కనీసం గట్టి ఇనుప మూతైనా ఉండాలి. రంపం వెనక చీలిక మూసుకోకుండా ఉండే కత్తి పాత మిషన్లకు రాదు. వేప, పనస కోస్తుంటే చీలిక మూసుకుని పళ్లను పట్టేస్తుంది, చెక్క వెనక్కి మనిషి పొట్ట మీదికి ఎగురుతుంది. రంపం రేకు 2.2, కోత 3.2 మి.మీ. అయితే 2.7 మి.మీ. స్టీలు రేకుతో కత్తి చేయించి, పళ్లకు ఐదారు మి.మీ. దూరంలో బిగించండి. కొత్త రంపం కొనేటప్పుడు దాని మీద రాసిన గరిష్ఠ వేగం 4320కి పైగా ఉందో లేదో చూడండి.

మన చెక్కల్లో ఒక్కోదాని తీరు వేరు. బొబ్బిలి వీణకు వాడే పనసకు నార అటూ ఇటూ మారుతుంది, ఒక మి.మీ. కోతకే పెచ్చులు లేస్తాయి. అర మి.మీ. కోత, నెమ్మదిగా తోయడం, బ్లేడు ముఖం మీద 10 నుంచి 15 డిగ్రీల సన్నటి వెనక పదును, ఈ మూడూ కలిస్తే అద్దంలా వస్తుంది. దాని జిగురు బ్లేడుకు పట్టేస్తే డీజిల్ గుడ్డతో తుడవాలి. గుగ్గిలం బరువు, కానీ మిషన్‌కు ఇబ్బంది లేదు. తాటి, కొబ్బరి బ్లేడును తినేస్తాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫానుకు ఉద్దానంలో కూలిన కొబ్బరి మొద్దులు కోసినచోట మామూలు హైస్పీడ్ స్టీలు బ్లేడు పూట కూడా నిలవలేదు. వాటికి కార్బైడ్ బ్లేడే దారి. పాత పెంకుటిళ్ల దూలాలయితే ముందు బలమైన అయస్కాంతం జరిపి మేకులు వెతకండి, ఒక్క మేకు మూడు బ్లేడ్లనూ పాడుచేస్తుంది.

భావనపాడు, కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి టేబుల్ ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. తుమ్మ, జీడి పచ్చి పొట్టు టేబుల్ మీద రాత్రంతా ఉంటే నల్లటి మచ్చ పడి మళ్లీ ఎమెరీ పట్టాల్సి వస్తుంది. పని ఆపగానే పొట్టు ఊడ్చి, పారాఫిన్ మైనం రుద్ది, పాత జనపనార గోనె కప్పండి. ప్లాస్టిక్ పట్టా వద్దు, దాని కింద చెమ్మ నిలిచి కప్పకుండా వదిలేసినదాని కన్నా ఎక్కువ తుప్పు పడుతుంది.