విమీ రిడ్జ్: ముందు సొరంగం, తర్వాతే స్మారకం

పారిస్ వెళ్లినప్పుడు ఒక రోజు చేతిలో ఉంటే ఉత్తర ఫ్రాన్స్‌లోని అరాస్ ఊరి దాకా రైల్లో వెళ్లి, స్టేషన్ దగ్గర టాక్సీ మాట్లాడుకుని విమీ రిడ్జ్ అనే గుట్ట మీద, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కెనడా సైనికుల స్మారకం చూసి రండి. ఎంట్రీ ఫ్రీ, గైడెడ్ టూర్ కూడా ఫ్రీనే. అక్కడున్న యుద్ధకాలం నాటి సొరంగంలోకి మాత్రం గైడు లేకుండా పంపరు కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి.

చాలామంది తెల్ల రాతి స్తంభాల దగ్గర ఫోటోలు దిగి వెళ్లిపోతారు. నన్నడిగితే అసలు చూడాల్సింది గ్రాంజ్ సొరంగమే. 1917 ఏప్రిల్ 9న, మంచు కురుస్తుండగా, కెనడా సైన్యం డివిజన్లు (పెద్ద దళాలు) నాలుగూ మొదటిసారి కలిసి, ఈ గుట్ట మీదున్న జర్మన్ల మీద దాడికి దిగాయి. ఆ ముందు రాత్రి ఎంతోమంది సైనికులు ఇలాంటి సొరంగాల్లోనే ఇరుక్కుని గడిపారు. సుద్ద గోడ మీద ఎవరో చెక్కిన మేపుల్ ఆకు ఇప్పటికీ అలాగే ఉంది, దాని ముందు కాసేపు ఆగకుండా కదల్లేం. గైడ్లు కెనడా నుంచి వచ్చిన స్టూడెంట్స్, ఎంత చిన్న ప్రశ్న అడిగినా ఓపిగ్గా చెప్తారు.

ఇది కెనడా ఒక్కటే గెలిచిన యుద్ధం అనుకోకండి. ఈ సొరంగం తవ్వింది బ్రిటిష్ ఇంజినీర్లు, వెనక నుంచి ఫిరంగులు పేల్చిన వాళ్లలో బ్రిటిష్ దళాలూ ఉన్నాయి, ఈ నాలుగు డివిజన్లు కలిసిన మొత్తం కెనడా కోర్‌కి కమాండర్‌గా ఉన్న జూలియన్ బింగ్ కూడా బ్రిటిషరే. 1915లో ఇదే గుట్ట మీదికి ఎక్కగలిగినా నిలబెట్టుకోలేకపోయిన ఫ్రెంచ్ సైన్యంలోని మొరాకన్ డివిజన్ స్మారకం కూడా అక్కడే ఉంది, దాన్ని పట్టించుకోకుండా వెళ్లిపోయేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

విమీలో 3,598 మంది కెనడియన్లు చనిపోయారు. ఫ్రాన్స్‌లో చనిపోయి, సమాధి కూడా ఎక్కడుందో తెలియని 11,285 మంది పేర్లు స్మారకం గోడల మీద ఉన్నాయి. చుట్టూ నేల ఇప్పటికీ గుంతలమయమే, పేలని గుండ్లు ఇంకా లోపలే ఉన్నాయి కాబట్టి అక్కడ గడ్డి మనుషులు కోయరు, గొర్రెలతోనే మేపిస్తారు. తాడు దాటి అడుగు పెట్టొద్దు, పిల్లలుంటే మరీ జాగ్రత్త.

సొరంగంలో చలిగా, తడిగా ఉంటుంది, ఎండాకాలమైనా స్వెట్టర్, పట్టున్న బూట్లు ఉండాల్సిందే. ఇరుకు చోటంటే టెన్షన్ పడేవాళ్లు పైన కందకాల వరకు చూసినా చాలు. శత్రువుల కందకం ఎంత దగ్గరో అక్కడే తెలుస్తుంది.

కారుంటే అక్కడి నుంచి నవ్ షాపెల్ అనే ఊరికి కూడా వెళ్లండి. సమాధి తెలియని 4,700 మందికి పైగా భారతీయ సైనికుల పేర్లు అక్కడి స్మారకం మీద ఉన్నాయి. మనవాళ్లు చాలా తక్కువమంది వెళ్తున్నారు.