పిల్లల గురక, మధ్యలో ఆగే ఊపిరి: టాన్సిల్స్ తీయించడం మేలా, ఆగి చూడటం మేలా?

గురక పెడుతున్న పిల్లవాడు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతాడు. ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి వెళ్లదు. కొన్ని సెకన్ల తర్వాత గొంతులో ఒక చప్పుడు, ఒళ్లంతా చిన్న కుదుపు, మళ్లీ ఊపిరి. ఇది చూసి డాక్టర్ దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు సాధారణంగా మూడు మాటల్లో ఒకటి వినిపిస్తుంది: ఆపరేషన్ చేయించండి, ముక్కులో స్ప్రే వాడండి, వయసుతో తగ్గుతుంది ఆగండి. మూడూ సరైన సలహాలే, కాకపోతే ఒకే పిల్లవాడికి కాదు. ఎవరికి ఏది అనే దగ్గరే పొరపాట్లు జరుగుతాయి.

ముందుగా ఊపిరి ఎందుకు ఆగుతుందో చూద్దాం. గొంతుకు రెండు పక్కలా టాన్సిల్స్, ముక్కు వెనక పైభాగంలో అలాంటి కణజాలమే అయిన అడినాయిడ్స్ ఉంటాయి. 2 నుంచి 8 ఏళ్ల మధ్య గొంతులో ఉన్న చోటుతో పోలిస్తే ఇవి బాగా పెద్దవిగా ఉంటాయి. మెలకువగా ఉన్నప్పుడు గొంతు కండరాలు దారిని తెరిచి పట్టుకుంటాయి కాబట్టి ఇబ్బంది తెలియదు. నిద్రలో ఆ పట్టు సడలుతుంది. కలలు వచ్చే నిద్రలో ఇంకా సడలుతుంది, ఆ నిద్ర రాత్రి రెండో సగంలోనే ఎక్కువ. అందుకే పడుకున్న గంటకు తీసిన ఫోన్ వీడియోలో ఏమీ కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున తీసిన రెండు నిమిషాల వీడియో డాక్టర్‌కు చాలా ఎక్కువ చెబుతుంది. దుప్పటి తీసి, ఛాతీ, పొట్ట, నోరు కనిపించేలా, శబ్దంతో సహా తీయండి.

టాన్సిల్స్ ఎంత పెద్దవన్నది ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు. డాక్టర్లు వాటిని 1 నుంచి 4 వరకు గ్రేడ్లుగా చెబుతారు. గ్రేడ్ 4 అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. కానీ గొంతులో రెండూ దాదాపు ఆనుకుని ఉన్నా హాయిగా నిద్రపోయే పిల్లలున్నారు. టాన్సిల్స్ ఒక మోస్తరుగానే ఉండి రాత్రంతా అవస్థ పడేవాళ్లూ ఉన్నారు. దవడ ఎముక ఇరుకుగా ఉండటం, అలర్జీతో ముక్కు మూసుకుపోవడం, బరువు, కండరాల బలం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పైగా అడినాయిడ్స్ నోరు తెరిచి చూస్తే కనిపించవు. వాటికి ఎక్స్‌రే గానీ, ముక్కులోంచి పంపే ఎండోస్కోప్ అనే సన్నని కెమెరా గొట్టం గానీ కావాలి.

కొలవాల్సింది రాత్రిని, దాని ప్రభావం పడిన పగటిని. స్లీప్ స్టడీలో, అంటే రాత్రంతా నిద్రను యంత్రాలతో గమనించే పరీక్షలో, గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, లేదా బాగా తగ్గిందన్నది లెక్కిస్తారు. పెద్దవాళ్లలో గంటకు 5 దాటితే సమస్య అంటారు, పిల్లల్లో 1 దాటితేనే సాధారణం కాదు. సాధారణంగా 5 లోపు స్వల్పం, 5 నుంచి 10 మధ్యస్థం, 10 దాటితే తీవ్రం. పెద్దవాళ్లలో 10 సెకన్లు ఆగితేనే లెక్కలోకి తీసుకుంటారు. పిల్లల్లో రెండు శ్వాసలు తప్పేంత సేపు చాలు. పిల్లల ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిల్వ తక్కువ కాబట్టి చిన్న ఆగుడుకే అది పడిపోతుంది.

పగటి లక్షణాలను ఈ సమస్యతో జోడించి చూడటం వైద్యానికే ఆలస్యంగా అలవాటైంది. 1976లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టియన్ గిల్లెమినో బృందం ఎనిమిది మంది పిల్లల్లో స్లీప్ ఆప్నియాను, అంటే నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బును, వివరించింది. పగలు మగత, చదువులో వెనకబడటం, ప్రవర్తనలో మార్పు, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవడం, ఉదయం తలనొప్పి, బీపీ పెరగడం, వీటిలో ఏదైనా ఆగి ఆగి వచ్చే గురకతో కలిసి కనిపిస్తే అనుమానించమని వాళ్లు చెప్పారు. ఇప్పటికీ ఆ జాబితా పనికొస్తుంది. దానికి ఒకటి కలపాలి: చిన్నపిల్లలు నిద్ర చాలకపోతే మగతగా కాకుండా చిరాకుగా, కుదురు లేకుండా తయారవుతారు. అల్లరి అని తిట్లు తినే పిల్లల్లో కొందరు నిజానికి నిద్ర సరిపోని పిల్లలు. వాళ్లను మందలించే ముందు ఒక రాత్రి వాళ్ల పక్కన కూర్చుని వినాలి.

ఇక అసలు పోలిక. ఆపరేషన్‌నూ ఆగి చూడటాన్నీ పక్కపక్కన పెట్టిన పరీక్షల్లో ముఖ్యమైనది 2013లో వచ్చిన ‘చాట్’ అనే అమెరికా అధ్యయనం. 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు వెంటనే టాన్సిల్స్, అడినాయిడ్స్ తీశారు, రెండో జట్టు వేచి చూసింది. ఏడు నెలల తర్వాత స్లీప్ స్టడీ మామూలైన వాళ్లు ఆపరేషన్ జట్టులో 79 శాతం, ఆగిన జట్టులో 46 శాతం. ప్రవర్తన, నిద్ర లక్షణాలు, జీవన నాణ్యత ఆపరేషన్ వైపే బాగా మెరుగయ్యాయి. కానీ ప్రధానంగా కొలవాలనుకున్న ఏకాగ్రత పరీక్షలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. ఏ ఆపరేషన్ లేకుండానే దాదాపు సగం మందికి స్లీప్ స్టడీ మామూలైంది, కాబట్టి ఆగడం అంటే నిర్లక్ష్యం కాదు. అదే సమయంలో బరువు ఎక్కువున్నవాళ్లకు, మొదట్లోనే ఆగుళ్లు ఎక్కువున్నవాళ్లకు దానంతటదే తగ్గే అవకాశం తక్కువగా ఉంది. ఆక్సిజన్ బాగా పడిపోయే పిల్లలను అసలు ఆ అధ్యయనంలో చేర్చుకోనే లేదు. వాళ్ల విషయంలో ‘సగం మందికి తగ్గుతుందట’ అనే మాట చెల్లదు.

స్వల్పంగా ఉన్నవాళ్ల సంగతి 2023లో వచ్చిన ‘పాట్స్’ అధ్యయనం చూసింది. గంటకు 3 కంటే తక్కువ ఆగుళ్లతో గురక పెట్టే 459 మంది పిల్లలను ఇలాగే రెండు జట్లుగా చేసి ఏడాది పాటు గమనించారు. ఏకాగ్రతలో ఈసారి కూడా తేడా లేదు. గురక, ప్రవర్తన, పగటి మగత, బీపీ ఆపరేషన్ జట్టులో మెరుగ్గా ఉన్నాయి. ఆగిన జట్టులో సుమారు 13 శాతం మందికి ఆగుళ్లు 3 దాటాయి, ఆపరేషన్ జట్టులో అది 1 శాతం దగ్గరే ఉంది. అంటే గురక ఉండి, పగలు ఏ ఇబ్బందీ లేని పిల్లవాడికి ఆగడం న్యాయమే. మళ్లీ చూపించాల్సిన తేదీ రాసుకుని ఆగాలి, అంతే. మార్కులు పెరుగుతాయనే ఆశతో మాత్రం ఎవరూ ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు.

స్ప్రేల మీద చాలామందికి అనవసరమైన భయమో, అతి నమ్మకమో ఉంటుంది. స్టెరాయిడ్ నేసల్ స్ప్రే అడినాయిడ్స్‌ను కొంత తగ్గించగలదు, ముక్కు అలర్జీ ఉన్నవాళ్లకు మంచిదే. అయితే 2023లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో ఆరు వారాలు స్టెరాయిడ్ స్ప్రే వాడిన పిల్లల్లో 44 శాతం మందికి, వట్టి సెలైన్ స్ప్రే వాడిన వాళ్లలో 41 శాతం మందికి లక్షణాలు తగ్గాయి. రెండూ దాదాపు సమానం! కాబట్టి తేలికగా ఉన్న కేసుల్లో ఉప్పునీటి స్ప్రేతోనే మొదలుపెట్టొచ్చని నాకు ధైర్యంగా అనిపిస్తుంది. అలర్జీకి, ఆస్తమాకు వాడే మాంటెలుకాస్ట్ మాత్రల విషయంలో అంత తేలిగ్గా చెప్పలేను. కొందరికి పనిచేస్తాయి, కానీ మూడ్‌లో మార్పులు, పీడకలలు, ఆత్మహత్య ఆలోచనల ప్రమాదం గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గట్టి హెచ్చరిక జోడించింది. ఇప్పటికే నిద్ర చెడిన పిల్లవాడికి ఈ మందు మొదలుపెట్టేటప్పుడు ఆ మాట డాక్టర్‌తో విడమరిచి మాట్లాడాలి.

మాస్క్ పెట్టి గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ యంత్రం బాగా పనిచేస్తుంది. అయితే పిల్లలతో మాస్క్‌ను రోజూ పెట్టించడం కష్టం, ఏళ్ల తరబడి వాడితే ముఖ ఎముకల ఎదుగుదల మీద ఒత్తిడి పడొచ్చు. అందుకే దాన్ని ఆపరేషన్ కుదరని, లేదా ఆపరేషన్ తర్వాతా తగ్గని పిల్లలకు ఉంచుతారు.

ఆపరేషన్ అని తేలాక ఇంకో ఎంపిక ఉంది: టాన్సిల్‌ను పూర్తిగా తీయడమా, అడ్డుపడే భాగాన్ని మాత్రం చెక్కేయడమా. పాక్షికంగా తీస్తే నొప్పి తక్కువ, రక్తస్రావం తక్కువ, పిల్లవాడు త్వరగా తిండి తింటాడు. మిగిలిన కండ మళ్లీ పెరిగే అవకాశం కొద్దిగా ఉంటుంది. ఊపిరి ఆగడమే సమస్య, మళ్లీ మళ్లీ వచ్చే గొంతు ఇన్‌ఫెక్షన్లు లేవు అంటే పాక్షికమే నాకు మేలనిపిస్తుంది. ఇన్‌ఫెక్షన్లు కూడా ఉంటే పూర్తిగా తీయడమే సబబు.

టాన్సిల్స్ తీస్తే రోగనిరోధక శక్తి పోతుందా అని అడగని తల్లిదండ్రులు ఉండరు. అదే పని చేసే కణజాలం గొంతులో, నాలుక మొదట్లో, మెడలో ఇంకా చాలా ఉంది. కొద్దికాలంలో చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. 2018లో డెన్మార్క్‌లో సుమారు 12 లక్షల మంది పిల్లల రికార్డులు చూసినప్పుడు, చిన్నప్పుడే ఇవి తీయించుకున్న వాళ్లలో తర్వాతి కాలంలో శ్వాసకోశ జబ్బులు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అయితే ఆపరేషన్ అవసరమైన పిల్లలు మొదటినుంచే జబ్బు పడేవాళ్లు కావచ్చు, కాబట్టి కారణం ఆపరేషనే అని దాన్నిబట్టి చెప్పలేం. స్వల్పమైన కేసుల్లో తొందరపడకపోవడానికి అది ఒక కారణం. ఆక్సిజన్ పడిపోతున్న పిల్లవాడికి ఆలస్యం చేయడానికి కాదు.

ఆపరేషన్‌లో నిజంగా జాగ్రత్త పడాల్సినవి రక్తస్రావం, నొప్పి, మత్తు తర్వాతి మొదటి రాత్రి. రక్తం మొదటి 24 గంటల్లో రావొచ్చు, లేదా గొంతులో తెల్లటి పొర రాలే 5 నుంచి 10 రోజుల మధ్య రావొచ్చు. ఎర్రటి తాజా రక్తం ఉమ్మితే, నిద్రలో మాటిమాటికీ గుటకలు మింగుతుంటే నేరుగా ఆసుపత్రికే. నొప్పికి పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ వాడతారు. కోడీన్ ఉన్న మందు ఇవ్వకూడదు. కొందరు పిల్లల శరీరం దాన్ని అతివేగంగా మార్ఫిన్‌గా మారుస్తుంది. ఈ ఆపరేషన్ తర్వాత అలా ప్రాణాలు పోయిన సంఘటనల వల్లే, ఇది అయిన పిల్లలకు కోడీన్ వాడకూడదని 2013లో ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక జోడించింది. మూడేళ్ల లోపు వాళ్లను, ఆప్నియా తీవ్రంగా ఉన్నవాళ్లను ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచుకోవాలి. డౌన్ సిండ్రోమ్, ఊబకాయం, ముఖ ఎముకల లోపాలు, కండరాల జబ్బు ఉన్న పిల్లలకు, రెండేళ్ల లోపు వాళ్లకు స్లీప్ స్టడీ లేకుండా ఆపరేషన్‌కు వెళ్లొద్దు.

ఆపరేషన్ అయిన రెండు మూడు నెలలకు గురక మిగిలిందేమో మళ్లీ వినాలి. బరువు ఎక్కువున్న పిల్లల్లో, మొదట్లో తీవ్రంగా ఉన్నవాళ్లలో, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో ఆగుళ్లు మిగిలే అవకాశం ఎక్కువ. వాళ్లకు గురక వినిపించకపోయినా మరోసారి స్లీప్ స్టడీ అడగండి.