ఫ్రాగ్ ఐడి: ఒక్క నిమిషం చెవి ఒగ్గమనే యాప్

ఆస్ట్రేలియన్ మ్యూజియం 2017 నవంబరులో ప్రారంభించిన ఫ్రాగ్ ఐడి యాప్‌ను నేను రెండు వేసవులుగా వాడుతున్నాను. ఉచితంగా లభించే ఈ యాప్ మనల్ని అడిగే పని చాలా చిన్నది. కప్ప అరుపు వినబడిన చోట కదలకుండా నిలబడి, 20 నుంచి 60 సెకన్ల పాటు ఆ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి పంపితే చాలు. సమయాన్ని, స్థానాన్ని యాప్ తనంతట తానే నమోదు చేసుకుంటుంది. ఆ తరువాత మ్యూజియం నిపుణులు రికార్డింగును స్వయంగా విని, అది ఏ జాతి కప్పో నిర్ధారించి తెలియజేస్తారు.

ఈ సేవకు ప్రాణం ఆ వినడంలోనే ఉందని నా అభిప్రాయం. వాన వెలిసిన ఒక రాత్రి కుంట గట్టున కూర్చుని, టెన్నిస్ బంతిని కొట్టినట్టు 'టక్, టక్' మని వస్తున్న అరుపును రికార్డు చేశాను. యాప్‌లోని నమూనా అరుపులతో పోల్చి చూస్తే అది చారల మార్ష్ కప్ప అని తేలికగానే తెలిసింది. అయితే నిపుణుల జవాబులో రెండో పేరు కూడా ఉంది. వెనుక సన్నగా వినబడుతున్నదాన్ని నేను కీచురాయి అనుకున్నాను. అది నిజానికి బొటనవేలి గోరు మీద పట్టేంత చిన్నదైన ఫ్రాగ్‌లెట్ అనే కప్ప పిలుపు.

కప్పను ముట్టుకోనవసరం లేకపోవడం చిన్న సౌకర్యమేమీ కాదు. ఉభయచరాల చర్మానికి పట్టే కైట్రిడ్ శిలీంధ్రం ప్రపంచంలో కనీసం 501 జాతుల క్షీణతకు కారణమైందని, వాటిలో 90 జాతులు అంతరించి ఉండవచ్చని 2019లో పరిశోధకులు లెక్కగట్టారు. తడి చేతులు, బురద అంటిన బూట్లు కూడా ఆ శిలీంధ్రాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మోయగలవు. ఆస్ట్రేలియాలో 2019-20లో చెలరేగిన కార్చిచ్చుల తరువాత, కాలిన ప్రాంతాలలో 66 జాతుల కప్పలు ఇంకా పిలుస్తున్నాయని కొద్ది నెలలకే తెలిసింది సామాన్యులు పంపిన ఈ రికార్డింగుల వల్లనే. ఇప్పటికి నిర్ధారించిన నమోదులు పది లక్షలు దాటాయి. ముప్పులో ఉన్న జాతుల కచ్చితమైన స్థానాన్ని బహిరంగంగా చూపకపోవడం కూడా మెచ్చుకోవలసిన జాగ్రత్త.

దీనికి పరిమితులు లేకపోలేదు. సాధారణంగా పిలిచేవి మగ కప్పలే కనుక, ఆడ కప్పల సంగతి, గొంతు విప్పని కాలంలోని కప్పల సంగతి ఇందులోకి రావు. జనం తిరగని చోట్ల నుంచి రికార్డింగులు తక్కువగా వస్తాయి. ఆగ్నేయ ఆస్ట్రేలియాలోని కోజియస్కో కొండలకే పరిమితమైన దక్షిణ కొరోబరీ కప్ప వంటిదాన్ని కాపాడాలంటే జంతుప్రదర్శనశాలల్లో పిల్లలను పెంచి మళ్ళీ కొండల్లో వదలక తప్పదు. ఆ పని ఏ యాప్ వల్లా కాదు.

కొత్తగా వాడేవారికి నేను చెప్పేది ఒకటే: ఒక కుంటను ఎంచుకుని ప్రతి నెలా అక్కడికే వెళ్ళండి. నిరుడు వినబడిన గొంతు ఈ ఏడు వినబడకపోతే, ఆ తేడా పట్టుబడేది అలా వరుసగా చేసిన రికార్డింగుల్లోనే.