కుక్కలు, పిల్లుల వైద్యానికి నిరంతర శిక్షణ: రాయగడ వైపు నుంచి ఒక సమీక్ష

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పెట్ ప్రాక్టీసు పెట్టుకున్న పశువైద్యులకి డిగ్రీ తర్వాత నేర్చుకోడానికి మూడు దారులు: విదేశీ వెబినార్లు, నెట్‌లో ఉచితంగా దొరికే మార్గదర్శకాలు, చేత్తో చేయించే వర్క్‌షాపులు. మూడూ ఏళ్ల తరబడి వాడాక మా లెక్క ఇది: క్లినిక్ తీరు మార్చింది రక్తం స్మియర్ (స్లైడు మీద రక్తాన్ని పలచగా పరిచి మైక్రోస్కోపులో చూడటం) నేర్పిన చిన్న కోర్సు. ఖరీదైన సబ్‌స్క్రిప్షన్లు దాని వెనకే.

ముందు వెబినార్లు. బ్రిటన్‌లో రాత్రి ఏడున్నర లైవ్ అంటే మనకి వేసవిలో అర్ధరాత్రి, చలికాలంలో ఒంటిగంట. పొద్దున్నే ఓపీ చూడాల్సినవాళ్లకి లైవ్ అయ్యే పని కాదు. రికార్డింగ్ డౌన్‌లోడ్ చేసుకోనిస్తారా అని డబ్బు కట్టకముందే అడగండి. స్ట్రీమింగ్ మాత్రమే అంటే వద్దనుకోవడం మేలు, సిగ్నలూ కరెంటూ కలిసొచ్చే గంట కోసం కాచుకోవాలి. ఇంకో మాట: 360 క్వాలిటీలో మెడిసిన్ పాఠం హాయిగా వినొచ్చు గానీ ఎక్స్‌రే, సైటాలజీ పాఠాలు దండగ. స్లైడంతా బూడిద రంగు అలుకుడే కనపడుతుంది.

సర్టిఫికెట్ చూసి మోజుపడొద్దు. బ్రిటన్ డాక్టరు ఏటా 35 గంటల చదువు చూపించాలి, అమెరికాలో లైసెన్సుకి రేస్ అనే కోర్సుల గుర్తింపు ముద్ర చెల్లుతుంది. కోర్సుల నిడివి, చివర్లో పెట్టే పరీక్ష ఆ అవసరానికి కట్టినవే. మన రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఐదేళ్లకోసారి, దాని దారి వేరు.

అసలు చిక్కు మందుల దగ్గర. మత్తు మీద మంచి పాఠం విని మర్నాడు టేబుల్ దగ్గర నిలబడితే, అందులో చెప్పిన మెథడోన్ ఉండదు, ఆల్ఫాక్సలోన్ ఉండదు, ఐసోఫ్లురేన్ మెషిన్ ఉండదు. చేతిలో ఉండేవి జైలజీన్, కెటమిన్, డయజిపామ్, బుటార్ఫనాల్, అదృష్టం ఉంటే ప్రొపోఫాల్. కెటమిన్ 2013 చివర్లో షెడ్యూల్ ఎక్స్‌లోకి (గట్టి నిఘా ఉండే మందుల జాబితా) వెళ్లాక దానికి రికార్డు పని కూడా పెరిగింది. ఇవే చేతిలో ఉన్నవాళ్ల కోసం చెప్పే పాఠం మాకు విదేశీ వెబినార్లలో అరుదుగానే దొరికింది. అయినా డబ్బులు వృథా కాలేదు. పాఠంలోంచి మందు పేరు తీసేసి పద్ధతి ఉంచుకుంటే సరిపోతుంది: మత్తుకి ముందు ఆక్సిజన్, ఏ మత్తయినా శ్వాసనాళంలో ట్యూబు వేయడం, ఐదు నిమిషాలకోసారి గుండె వేగం, శ్వాస, ఉష్ణోగ్రత కాగితం మీద రాయడం. నొప్పి విషయంలో బుటార్ఫనాల్ మెథడోన్‌కి సాటి రాదు, గంటా రెండు గంటల్లో దిగిపోతుంది. ఆ లోటు తీర్చేది లిగ్నోకెయిన్ బ్లాక్, అంటే కోసే చోట మొద్దుబారేలా చేసే ఇంజెక్షన్. రెండు శాతం మందులో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు. కుక్కకి కిలోకి 4 మిల్లీగ్రాముల లెక్కన పది కిలోల కుక్కకి మొత్తం 2 మిల్లీలీటర్లే. కోత పొడుగ్గా ఉంటే సెలైన్ కలిపి పరచండి, డోసు పెంచొద్దు. పిల్లికి ఇంకా తక్కువ.

ఉచిత మార్గదర్శకాల్లో రెండు ప్రింటు తీసి గోడకి అంటించదగ్గవి. ఒకటి వసావా (చిన్న జంతువుల పశువైద్యుల ప్రపంచ సంఘం) టీకాల మార్గదర్శకం, 2024 నాటిది. కుక్కపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ, ఆఖరి డోసు 16 వారాలు నిండాకే పడాలని చెబుతుంది. మన వైపు పార్వో (కుక్కపిల్లలకి వచ్చే వైరస్ విరేచనాలు) కేసుల చరిత్ర అడిగితే పన్నెండో వారంలోనే ఆపేసినవి కనిపిస్తాయి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అప్పటికి ఇంకా ఉంటే టీకాని పనిచేయనివ్వవు. విశాఖ నుంచో బరంపురం నుంచో ఐస్ పెట్టెలో తెప్పించుకునేవాళ్లకి మార్గదర్శకంతో పాటు ఒక థర్మామీటరూ కావాలి: 2 నుంచి 8 డిగ్రీలు. జెల్ ప్యాక్‌కి ఆనుకుని రేబిస్ టీకా గడ్డకట్టినా పనికిరాదు.

రెండోది రికవర్ అనే పశువైద్య బృందం వాళ్ల సీపీఆర్ (ఆగిన గుండెని ఛాతీ నొక్కి నడిపించడం) చార్టు, ఇదీ 2024లో కొత్తగా వచ్చింది. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, రెండేసి నిమిషాలకి మనిషి మారడం, నిమిషానికి పది శ్వాసలు, అడ్రినలిన్ కిలోకి 0.01 మిల్లీగ్రాము. మన ఆంప్యూల్ మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము, కాబట్టి పది కిలోల కుక్కకి 0.1 మిల్లీలీటరు. ఆ కంగారులో అంత చిన్న కొలత తప్పడం ఖాయం. ఒక ఆంప్యూల్‌కి 9 మిల్లీలీటర్ల సెలైన్ కలిపితే పది కిలోలకి ఒక మిల్లీలీటరు అవుతుంది. చార్టు కింద ఈ లైను పెన్నుతో రాసుకోండి. అన్నట్టు, ఎంత లోతు నొక్కాలో వీడియో చూసి నేర్చుకోలేం. దానికి బొమ్మ మీదో, దిండు మీదో చేతులు అలవాటు పడాలి.

ఇక స్మియర్. కొండ వాలు ఊళ్ల నుంచి వచ్చే జ్వరం కుక్కల్లో గోమార్ల (రక్తం పీల్చే పురుగుల) వల్ల వచ్చే జబ్బులే ఎక్కువ, పరీక్ష కిట్లు ఖరీదు. కోర్సులో బొమ్మలు గుర్తుపట్టడం నేర్పుతారు, బాగుంది. పాడయ్యేది మాత్రం అంతకుముందే. రక్తం చుక్క గుండుసూది తలకంటే కాస్త పెద్దదైతే చాలు, స్ప్రెడర్ (రక్తం లాగే రెండో స్లైడు) 30 నుంచి 45 డిగ్రీల వాలు, ఆపకుండా ఒక్క లాగు. వానాకాలంలో స్లైడు నెమ్మదిగా ఆరితే ఎర్రకణాల్లో నీటి మచ్చలు పడతాయి, అవి బాబేసియాలా (గోమార్ల ద్వారా వచ్చే, ఎర్రకణాల్లో ఉండే పరాన్నజీవి) కనిపించి ఎందరినో మోసం చేశాయి. లాగిన వెంటనే ఫ్యాను కింద ఆడించండి. ఫార్మలిన్ సీసా ఉన్న అలమరలో స్లైడు పెట్టొద్దు, ఆవిరికి రంగు చెడుతుంది. బోరు నీళ్లతో జీమ్సా రంగు కలిపితే కణాలన్నీ నీలంగా తేలతాయి. పీహెచ్ 7.2 బఫర్ కొనుక్కోండి.

ప్లేట్‌లెట్లు లెక్కించడం అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది. ముందు ఈక అంచులో (స్మియర్ పలచబడి ముగిసే చివర) గుంపులు ఉన్నాయేమో చూడాలి. గుంపులుంటే లెక్క నమ్మొద్దు. లేకపోతే వంద లెన్సు కింద పది ఫీల్డులు లెక్కించి, సగటుని 15,000తో గుణించాలి. ఎర్లీకియా (గోమార్ల ద్వారా వచ్చే బ్యాక్టీరియా) మొరూలాలు, అంటే తెల్లకణాల్లో కనిపించే దాని గుంపులు, స్లైడులో అరుదుగా దొరుకుతాయి, కాబట్టి కనపడలేదని జబ్బు లేదనలేం. ప్లేట్‌లెట్లు పడిపోయి, గోమార్లు ఉన్న కుక్కకి డాక్సీసైక్లిన్ రోజుకి కిలోకి 10 మిల్లీగ్రాములు, 28 రోజులు. చాలా పాఠాలు బాబేసియా మొత్తానికి మందు ఇమిడోకార్బ్ అని తేల్చేస్తాయి. మన దేశంలో ఎక్కువగా ఎదురయ్యే చిన్న రకం, గిబ్సోనై, దానికి సరిగ్గా లొంగదు. అటోవక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి పది రోజులివ్వాలి. ఈ తేడా చెప్పని కోర్సుకి మేము సగం మార్కులే వేస్తాం.

చేత్తో చేయించే శస్త్రచికిత్స కోర్సులు మంచివే, ఊటీలో వరల్డ్‌వైడ్ వెటర్నరీ సర్వీస్ వాళ్ల శిక్షణ కేంద్రం లాంటివి దీనికే ఉన్నాయి. ఎక్కడ చేరినా ఒకటే ప్రశ్న: ఒక్కొక్కరు ముఖ్య సర్జన్‌గా ఎన్ని ఆపరేషన్లు చేస్తారు? సూటిగా చెప్పకుండా నసిగితే, పక్కన నిలబడి చూడ్డానికే వెళ్తున్నట్టు. ఆడకుక్కకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లో అండాశయం తొడిమకి వేసిన ముడి జారేది ఎక్కువగా కొవ్వు కలిపి కట్టినప్పుడు, ఎదలో ఉన్న కుక్కకి చేసినప్పుడు. తొడిమని ఫోర్సెప్స్‌తో పట్టుకుని, రక్తం రాలేదని చూశాకే లోపలికి వదలడం చేతికి అలవాటు కావాలంటే శిక్షకుడు పక్కనే ఉండాలి.

ప్రభుత్వ శిక్షణలకి పిలుపొస్తే వెళ్లండి గానీ, పాఠాలు ఎక్కువగా ఆవులూ గేదెల మీదే. గరివిడి పశువైద్య కళాశాల రాయగడకి భువనేశ్వర్ కంటే బాగా దగ్గర, అక్కడ పెట్స్ మీద ఏదైనా పెడితే వదలొద్దు.

కేసు గ్రూపుల్లో సలహా అడిగేటప్పుడు స్లైడు ఫోటో ఒక్కటే పంపితే ఊహలే వస్తాయి. ఐపీస్‌కి ఫోను క్లిప్పు తగిలించి, ఏ లెన్సు, ఏ రంగు, రక్తం తీసి ఎన్ని గంటలైంది, కుక్క వయసు, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) రాసి పంపండి. ఈక అంచు ఫోటో ఒకటి, కణాలు ఒక్క వరసలో ఉన్న చోటు ఫోటో ఒకటి.