గోల్ఫ్‌లో ఒకే డ్రైవర్, రెండు షాఫ్టులు: స్టిఫ్, రెగ్యులర్ చాలాకాలం వాడాక

ముందే చెప్పేస్తాను. గోల్ఫ్‌లో అన్నిటికంటే దూరం కొట్టే కర్ర డ్రైవర్. దాన్ని ఊపే వేగం, అంటే స్వింగ్ స్పీడు, గంటకు 90 మైళ్ల దగ్గర ఉండేవాళ్లకు రెగ్యులర్ షాఫ్టే (కాస్త మెత్తగా వంగే కాడే) నయం. నా స్పీడూ అంతే, ఆట కుడిచేతిది. ఒకే హెడ్‌కి (కర్ర చివర బంతిని తాకే దిమ్మకి) స్టిఫ్ (గట్టిది), రెగ్యులర్ మార్చి మార్చి బిగించి ఆడుతున్నాను. రెండూ దాదాపు 60 గ్రాములే, పొడవూ ఒకటే.

స్టిఫ్‌తో బంతి కిందగా వెళ్లి చివర్లో కుడికి జారుతుంది. రెగ్యులర్‌తో ఇంకాస్త పైకి లేస్తుంది, ఆ జారుడూ తగ్గుతుంది. ఎందుకంటే హెడ్ బరువు షాఫ్టుకు కొంచెం వెనకపక్కన ఉంటుంది. స్వింగ్ వేగానికి ఆ బరువు షాఫ్టుతో ఒకే వరసలోకి రావాలని లాగుతుంది, దాంతో బంతిని తాకే క్షణానికి షాఫ్టు ముందుకు వంగి ఉంటుంది. మెత్తనిదైతే ఇంకా వంగుతుంది. ఫేస్ (హెడ్‌లో బంతికి తగిలే ముఖం) కాస్త పైకి చూస్తుంది, కొద్దిగా ఎడమకు మూసుకుంటుంది.

లాంచ్ మానిటర్‌లో (బంతి లేచే కోణం, స్పిన్ కొలిచే యంత్రంలో) చూస్తే రెండింటికీ బంతి లేచే కోణంలో తేడా డిగ్రీ, డిగ్రీన్నర. స్పిన్ రెగ్యులర్‌తోనే కాస్త ఎక్కువ. అంకెలు చిన్నవే కానీ నా స్పీడుకి ఆ కొంచెం ఎత్తే క్యారీని (బంతి గాల్లో వెళ్లే దూరాన్ని) పెంచుతోంది. వానాకాలంలో ఫెయిర్‌వే (కోర్సులో బంతి పడాల్సిన పొట్టి గడ్డి దారి) తడిసి బంతి దొర్లనప్పుడు ఇది బాగా తెలుస్తుంది.

విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో సముద్రపు గాలి ఎదురొస్తే స్టిఫ్ తీయమంటారు. నాకైతే టీ (బంతిని నిలబెట్టే పుల్ల) ఎత్తు తగ్గించి రెగ్యులర్‌తోనే నిదానంగా కొట్టడం మేలనిపించింది.

స్టిఫ్‌కి ఒక గొప్ప గుణం ఉంది. టెన్షన్‌లో పైనుంచి ఒక్కసారిగా లాగి కొట్టినా బంతి ఎడమకు పారిపోదు. రెగ్యులర్‌తో అలా కొడితే చెట్లలోకే. కాబట్టి స్పీడు తక్కువైనా స్వింగ్ దూకుడుగా ఉండేవాళ్లు స్టిఫ్ కూడా కొట్టి చూడాలి. స్పీడు పట్టిక ఒక్కటే చూసి షాఫ్టు అంటగట్టే పద్ధతి నాకు నచ్చదు.

పైగా షాఫ్టుల మీద రెగ్యులర్‌కి, స్టిఫ్‌కి గుర్తుగా వేసే ఈ ఆర్, ఎస్ అక్షరాలకు కంపెనీలన్నిటికీ కలిపి ఒక కొలత అంటూ లేదు. ఒకరి రెగ్యులర్ ఇంకొకరి స్టిఫ్ అంత గట్టిగా ఉండొచ్చు. అందుకే కొనేముందు మీ హెడ్‌కే బిగించి కొట్టి చూడండి. మార్చేటప్పుడు స్లీవ్ (షాఫ్టును హెడ్‌కి బిగించే తొడుగు) మీద లాఫ్ట్ (ఫేస్ పైకి వాలే కోణం) సెట్టింగు రెండింటికీ ఒకేలా ఉంచండి. అది ఒక్క డిగ్రీ మారినా తేడా షాఫ్టుదో సెట్టింగుదో తేలదు.